పుట్టినరోజు కానుకగా తొలి బెలూన్ ప్రయాణం: ఎవరికి ఏది నప్పుతుంది?

అమ్మ పుట్టినరోజు జూన్ రెండో వారంలో వస్తుంది. అరవయ్యో ఏటికి చీర కాకుండా ఇంకేదైనా ఇవ్వాలని నేనూ అన్నయ్యా అనుకుంటున్నప్పుడు వేడిగాలి బెలూన్ మాట మొదట ఎత్తింది అన్నయ్య కొడుకు. వాడికి తొమ్మిదేళ్లు. "నానమ్మ ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు కదా అత్తా" అన్నాడు. నిజమే. నల్గొండలో మా డాబా మీద వడియాలు పెడుతూ, పైన విమానం చప్పుడు వినిపిస్తే చేయి అడ్డం పెట్టుకుని అది కనుమరుగయ్యేదాకా చూసే మనిషి ఆమె. ఆ కానుక ఆమె చేతికి అందేసరికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో రెండు తప్పులు చేశాం, చాలా ఫోన్లు చేశాం. నల్గొండ, మహబూబ్‌నగర్ వంటి మన జిల్లాల నుంచి ఎవరైనా ఇలాంటి కానుక ఇవ్వాలనుకుంటే ఆ తిరుగుడు తప్పించాలని ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు క్యాలెండర్

ఎక్కడికి వెళ్లాలి, ఎంత అవుతుంది అన్నవి తర్వాతి ప్రశ్నలు. పుట్టినరోజు ఏ నెలలో వస్తుందన్నది మొదటిది. బెలూన్ లోపలి గాలిని దాదాపు వంద డిగ్రీల వరకు వేడి చేస్తారు. లోపలి వేడికీ బయటి చల్లదనానికీ ఎంత తేడా ఉంటే అంత బలంగా లేస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున బయట పదిహేను డిగ్రీలున్నప్పుడు సునాయాసంగా మోసే బరువును మే నెలలో మోయలేదు. పైగా ఎండ ఎక్కేకొద్దీ నేల కాగి, వేడిగాలి తెరలు తెరలుగా పైకి లేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం మన చెలకల్లో సుడిగాలి దుమ్మును గిర్రున లేపడం చూశారు కదా, అలాంటి గాలిలోకి ఏ పైలటూ బెలూన్‌ను తీసుకెళ్లడు. అందుకే సూర్యోదయం వేళ, లేకపోతే సూర్యాస్తమయానికి ముందు మాత్రమే ఎగరేస్తారు. నేల మీద గాలి వేగం గంటకు పదిహేను, పద్దెనిమిది కిలోమీటర్లు దాటితే సాధారణంగా ఆ పూటకు ఆపేస్తారు. వానాకాలం సంగతి చెప్పనక్కర్లేదు.

అంటే మన చుట్టుపక్కల నమ్మదగిన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే. ఆ నాలుగు నెలల్లో పుట్టినవారు అదృష్టవంతులు. మిగిలినవారికి పుట్టినరోజున మాట ఇచ్చి, చలికాలంలో ప్రయాణం చేయించడమే మేలు. మేము మొదట చేసిన తప్పు ఇదే. జూన్‌లోనే ఏదో ఒకటి దొరకాలని పట్టుబట్టి నెల రోజులు వృథా చేశాం.

చలికాలంలోనైనా పుట్టినరోజు తెల్లవారుజామునే ఎగరాలని ముడిపెట్టుకోకండి. ఆ పూట పొగమంచు పట్టవచ్చు, గాలి మారవచ్చు. వరుసగా రెండు ఉదయాలు చేతిలో ఉండేలా వెళ్లాలి. రెండోది మిగిలిపోతే ఊరు చూడవచ్చు.

మోకు కట్టిందా, విడిచిందా?

బెలూన్ సవారీలు రెండు రకాలు. చాలామంది వీటిని ఒకే వస్తువు చిన్న సైజు, పెద్ద సైజు అనుకుంటారు. ఆ రెండూ పూర్తిగా వేరు అనుభవాలు.

మొదటిది టెథర్డ్ రైడ్. బెలూన్‌ను మూడు నాలుగు మోకులతో జీపులకో నేలకో కట్టి ఉంచుతారు. నిండుగా ఎదిగిన తాటిచెట్టంత ఎత్తుకు, మహా అయితే దానికి కాస్త పైకి లేపి, కొద్ది నిమిషాల్లో దించుతారు. ఎక్కిన చోటే దిగుతారు. ధర వందల్లోనో, వేయి రెండు వేలలోనో ఉంటుంది.

రెండోది ఫ్రీ ఫ్లైట్. మోకులుండవు. గాలి ఎటు తీసుకెళ్తే అటు దాదాపు గంటసేపు వెళ్తారు. పైలట్ చేతిలో ఉండేది పైకీ కిందికీ నడిపే పని ఒక్కటే. బర్నర్ మంట పెంచితే పైకి, బెలూన్ నెత్తి మీది కవాటం తెరిచి వేడిగాలి వదిలితే కిందికి. వేర్వేరు ఎత్తుల్లో గాలి వేర్వేరు దిక్కులకు వీస్తుంది కాబట్టి, కావలసిన గాలిని వెతుక్కుంటూ ఎక్కుతూ దిగుతూ దారి పట్టిస్తాడు. కింద ఒక జీపు వెంట వస్తుంది. సాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు. ఈ ప్రయాణంలో అంతకు రెండు మూడింతల ఎత్తు మామూలే. మన దేశంలో తలకు పది వేల పైమాటే అవుతుంది.

ధర ఒక్కటే చూసి మొదటిదాన్ని తీసుకుంటే ఏమవుతుందో మాకు తెలిసింది. హైదరాబాద్‌లో సంక్రాంతి వేళ గాలిపటాల పండుగతో పాటు బెలూన్లను కూడా ఎగరేసిన సంవత్సరాలున్నాయి. అన్నయ్య అంతకుముందు అలాంటి ఒక ప్రదర్శనకు పిల్లవాణ్ని తీసుకెళ్లాడు. మూడు గంటలు వరుసలో నిలబడ్డారు. తమ వంతు రావడానికి పది మంది ఉందనగా గాలి పెరిగి ఆపేశారు. ఆపడం సరైన పనే. కానీ టికెట్ డబ్బు సగమే తిరిగి వచ్చింది, ఆ నిబంధన టికెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంది. పిల్లవాడు దారంతా మాట్లాడలేదు.

టెథర్డ్ రైడ్‌ను తీసిపారేయడం లేదు. ఎత్తంటే భయపడేవారికీ, గంటసేపు నిలబడలేనివారికీ, నచ్చుతుందో లేదో తెలియనివారికీ అదే సరైనది. బర్నర్ నెత్తి మీద గుప్పుమన్నప్పుడు ఎలా ఉంటుందో, నేల కాళ్ల కింద నుంచి మెత్తగా జారిపోవడం ఎలా ఉంటుందో అందులో తెలుస్తుంది. గాలిలో తేలిపోవడం మాత్రం తెలియదు. పైగా మోకు పట్టి ఉంచడం వల్ల గాలి తోసినప్పుడల్లా బుట్ట కుదుపుతుంది. విడిచిన బెలూన్ గాలితో సమానంగా కదులుతుంది కాబట్టి ముఖానికి గాలి కూడా తగలదు. ఎత్తైన మేడ అంచున వచ్చే కళ్లు తిరగడం కూడా అందులో చాలామందికి రాదు. భయస్తులకు ఈ మాట ముందే చెప్పండి.

ఎక్కేది ఎవరు?

బుట్ట పేముతో అల్లినది, అంచు పెద్దవారి ఛాతీ దాకా ఉంటుంది. సాధారణంగా తలుపుండదు. పక్కన వదిలిన కంతల్లో కాళ్లు పెట్టి ఎక్కి లోపలికి దిగాలి. లోపల కూర్చోవడానికి ఉండదు. దిగేటప్పుడు మోకాళ్లు కాస్త వంచి, లోపలి పట్టుతాళ్లు పట్టుకుని నిలబడాలి. గాలి ఉంటే బుట్ట నేలకు తగిలి ఒకటి రెండు ఎగురులు ఎగిరి పక్కకు ఒరుగుతుంది కూడా. అందుకే గర్భిణులను, ఈమధ్యే శస్త్రచికిత్స జరిగినవారిని, వెన్ను, మోకాళ్ల బాధ తీవ్రంగా ఉన్నవారిని ఎక్కించుకోరు. బుట్ట అంచు మీదుగా చూడలేని చిన్నపిల్లలకు కూడా అనుమతి ఉండదు. అయిదారేళ్ల లోపు పిల్లలను దాదాపు అందరూ కాదంటారు.

వయసు మాత్రం అడ్డంకి కాదు. 2005 నవంబరు 26న ముంబయి నుంచి వేడిగాలి బెలూన్‌లో లేచి 21,027 మీటర్ల ఎత్తుకు చేరి ప్రపంచ రికార్డు నెలకొల్పిన పారిశ్రామికవేత్త విజయ్‌పత్ సింఘానియాకు అప్పుడు 67 ఏళ్లు. అమ్మ మోకాలి నొప్పి గురించి డాక్టరును అడిగాం. మెట్లెక్కగలిగితే పరవాలేదన్నారు. మరుసటి రోజు నుంచి ఆమె డాబా మెట్లు రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగడం మొదలుపెట్టింది.

మన దగ్గర నుంచి ఏవేవి అందుబాటులో ఉన్నాయి

హంపి. పాలమూరు వారికి అన్నిటికంటే దగ్గరి ఫ్రీ ఫ్లైట్ ఇదే. మహబూబ్‌నగర్ నుంచి మక్తల్, కృష్ణ మీది వంతెన, రాయచూరు మీదుగా రెండు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు. నల్గొండ వారు దేవరకొండ, కల్వకుర్తి మీదుగా వచ్చి కలవాలి, కాబట్టి ముందురోజు పొద్దున్నే బయలుదేరాలి. చలికాలంలో మాత్రమే నడుస్తాయి, అది కూడా ఏటా ఒకేలా ఉండదు. ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాకే గది తీసుకోండి. హొసపేట, బళ్లారి ప్రాంతంలో తెలుగు అర్థం చేసుకునేవారు చాలామంది. పెద్దవారితో వెళ్లినప్పుడు ఆ సౌకర్యం విలువ తెలుస్తుంది.

మేము వెళ్లింది అక్కడికే, డిసెంబరులో. హోటల్ నుంచి నాలుగున్నరకు బయలుదేరాం. పొలంలో బట్ట పొడవునా పరిచి ఉంది, పెద్ద ఫ్యాను దానిలోకి చల్లగాలి కొడుతోంది. అది ఒళ్లు విరుచుకుంటున్న ఏనుగులా మెల్లగా ఉబ్బింది. తర్వాత బర్నర్ వెలిగించారు. ఆ వెలుగులో అమ్మ ముఖం ఒక్కసారి ఎర్రబడి మళ్లీ చీకట్లో కలిసింది. చీర వద్దని ముందే చెప్పారు కాబట్టి మా చెల్లి పంజాబీ డ్రెస్సును అమ్మ వేసుకుంది. కంతల్లో కాళ్లు పెట్టి ఎక్కడానికి ఆమెకు నా చేయి కూడా అక్కర్లేకపోయింది. నేల ఎప్పుడు విడిచామో ఎవరికీ తెలియలేదు. బర్నర్ ఆగినప్పుడల్లా ఎంత నిశ్శబ్దమంటే, కింద ఊళ్లో కోడి కూయడం, ఎక్కడో మోటారు వేయడం, ఒకావిడ ఎవరినో పేరు పెట్టి పిలవడం స్పష్టంగా వినిపించాయి. గుట్టలు గుట్టలుగా పేర్చినట్టున్న బండల మధ్య తుంగభద్ర సన్నగా మెరిసింది. అమ్మ "మన లతీఫ్ సాహెబ్ గుట్ట కూడా పై నుంచి ఇట్లాగే ఉంటుందేమో" అంది. ఆ గంటలో ఆమె అన్న మాట అదొక్కటే.

వరి కోసిన మడిలో దిగాం. రెండుసార్లు తగిలి, ఒరగకుండా ఆగింది. పొలం రైతు పరుగున వచ్చాడు. పైలట్ కన్నడంలో ఏదో చెబుతుంటే, అమ్మ ఎకరాకు ఎన్ని బస్తాలు పండిందని తెలుగులో అడిగింది. ఆయన తెలుగులోనే జవాబిచ్చాడు.

జైపూర్. ఆమేర్ కోట పరిసరాల మీదుగా సాగే ప్రయాణాలు చాలా ఏళ్లుగా నడుస్తున్నాయి. సుమారుగా సెప్టెంబరు నుంచి మార్చి వరకు సీజన్ కాబట్టి, హంపితో పోలిస్తే తేదీల్లో వెసులుబాటు ఎక్కువ. శంషాబాద్ మహబూబ్‌నగర్ వైపే ఉంది కాబట్టి విమానం అందుకోవడం మనకు సులువు. ఖర్చు మాత్రం విమానం, హోటలు కలిపి హంపికి రెండింతలు దాటవచ్చు. కార్తీక పౌర్ణమి సమయంలో పుష్కర్ సంతలో కూడా బెలూన్లు ఉంటాయి. సంత ఇష్టపడేవారికి అది గొప్ప జోడింపు. గుంపులు పడనివారు వెళ్లకపోవడమే మంచిది.

లోనావాలా దగ్గరి కామ్‌షెట్. పుణె, ముంబయిలో పిల్లలు ఉద్యోగం చేస్తున్నవారికి సరిపోతుంది. వారి దగ్గరికి వెళ్లినప్పుడు కలిపి చూసుకోవచ్చు. దానికోసమే ఇక్కడి నుంచి వెళ్లడం మాత్రం నాకు సబబుగా తోచలేదు.

అరకు. 2017 నవంబరులో, 2019 జనవరిలో అక్కడ బెలూన్ పండుగలు జరిగాయి. ఆ ఫొటోలు ఇప్పటికీ తిరుగుతుంటాయి, వాటిని చూసి రైలు టికెట్లు తీసుకోకండి. పండుగ ప్రకటిస్తేనే అక్కడ బెలూన్ ఉంటుంది.

దుబాయ్, కప్పదోకియా. మన జిల్లాల నుంచి గల్ఫ్‌లో ఉన్న కుటుంబాలు తక్కువేమీ కాదు. అక్కడ అన్నయ్యో బావో ఉంటే, అమ్మానాన్నలు చూడటానికి వెళ్లినప్పుడు ఎడారి మీద తెల్లవారుజామున ఎగరడం మంచి ఆలోచన. ఎండాకాలం తప్పించి వెళ్లాలి. తుర్కియేలోని కప్పదోకియాలో ఒకే ఉదయం వందకు పైగా బెలూన్లు లేస్తాయి. అక్కడ ఎగరవచ్చా లేదా అన్నది ఏ రోజుకారోజు ప్రభుత్వ విమానయాన అధికారులే తేలుస్తారు. ఆ కట్టుదిట్టం నాకు నచ్చింది. అయితే చలికాలంలో వాతావరణం వల్ల రద్దయ్యే రోజులు ఎక్కువ. మూడు రాత్రులైనా ఉండగలిగితేనే అంత దూరం వెళ్లాలి.

బెలూన్ కాని మార్గం. ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య పుట్టినవారు, ఆ రోజే ఏదైనా జరగాలని కోరుకునేవారు ఈ మాట వినండి. బెలూన్లు ఆగిపోయే కాలంలోనే మన జలాశయాలు నిండుతాయి. నీటిమట్టం సరిపడా ఉన్నప్పుడు నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ నడుపుతారు. ఇటు కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి కూడా నదిలో వెళ్లవచ్చు. నల్లమల గుట్టల మధ్య కృష్ణ మీద ఒక పగలంతా గడపడం ఏ విధంగానూ చిన్న కానుక కాదు. ఎత్తే కావాలంటే మన్ననూరు దగ్గరి ఫర్హాబాద్ వ్యూ పాయింట్ ఉంది. ఉత్సాహం ఎక్కువున్న కుర్రవారికి పారామోటార్ (వీపున ఇంజను, పైన పారాచూట్ లాంటి రెక్కతో ఎగిరేది) కూడా ఉంది. 2021 సంక్రాంతి రోజుల్లో మహబూబ్‌నగర్‌లో ఆ పోటీలు జరిగాయి. కానీ అది గాలిని చీల్చుకుంటూ పోయే ఆట. దానిలో వేగం ఉంటుంది, నిశ్శబ్దం ఉండదు.

| మార్గం | మంచి కాలం | కావలసిన రోజులు | ఖర్చు | ఎవరికి |
|---|---|---|---|---|
| హైదరాబాద్ టెథర్డ్ | సంక్రాంతి వేళ, ప్రకటించిన ఏడు | ఒక పూట | తక్కువ | భయస్తులు, ఎదిగిన పిల్లలు |
| హంపి | డిసెంబరు, జనవరి | మూడు | మధ్యస్థం | పెద్దవారు, కుటుంబం |
| జైపూర్ | సెప్టెంబరు–మార్చి | మూడు, నాలుగు | ఎక్కువ | దంపతులు |
| దుబాయ్ | చలికాలం | అక్కడ మనవారుంటే ఒక పూట | ఎక్కువ | గల్ఫ్ కుటుంబాలు |
| కప్పదోకియా | వసంతం, శరత్తు | వారం | చాలా ఎక్కువ | ఏళ్లుగా దాచుకున్నవారు |
| సాగర్–శ్రీశైలం లాంచీ | ఆగస్టు–అక్టోబరు | రెండు | తక్కువ | ఆ రోజే కావాలనుకునేవారు |

నా మట్టుకు నేను రెండు సందర్భాల్లో తడుముకోకుండా చెబుతాను. యాభై దాటిన తల్లిదండ్రులకైతే హంపి. పదేళ్ల లోపు పిల్లలకైతే ముందు టెథర్డ్, అది కూడా పొద్దున మొదటి వరుసలో. దంపతుల విషయంలో ఇద్దరిలో ఎవరికి ఎక్కువ భయమో వారి మాటే నెగ్గాలి. ఒకరి సరదా కోసం ఇంకొకరు కళ్లు మూసుకుని గంట గడపడం కానుక కాదు.

డబ్బు సరిపోనప్పుడు ఏం చేయాలి? నలుగురికి టెథర్డ్ టికెట్లు కొనడం కంటే, పుట్టినరోజు ఉన్న ఒక్కరినీ ఫ్రీ ఫ్లైట్ ఎక్కించి, మిగతావారు జీపులో వెంట వెళ్లడం మేలనిపిస్తుంది. జీపులో చోటిస్తారో లేదో ముందే అడగండి. మా అన్నయ్య అలాగే వెళ్లాడు. పొలం గట్ల వెంట తల పైకెత్తి తరుముకుంటూ పోవడం తనకు ఎక్కినంత సంబరంగా ఉందన్నాడు.

ఫోన్‌లో అడగవలసినవి

మొదటి ప్రశ్న: తాడు కట్టి ఉంటుందా, వదిలేస్తారా? ప్రకటనలో మబ్బుల మధ్య బెలూన్ బొమ్మ ఉంటుంది, అమ్మేది టెథర్డ్ సవారీ అయి ఉంటుంది. గాలిలో ఉండే నిమిషాలెన్నో కూడా విడిగా అడగండి, ఎందుకంటే "మూడు గంటల అనుభవం" అనే మాటలో గాలి నింపడం, తిరిగి రావడం, టిఫిను అన్నీ కలిసిపోతాయి.

తర్వాత భద్రత. బెలూన్ కూడా విమానం కిందే లెక్క. మన దేశంలో నమోదైతే దాని మీద వీటీ అక్షరాలతో మొదలయ్యే గుర్తు ఉంటుంది. పైలట్‌కు డీజీసీఏ (పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) లైసెన్సు ఉండాలి. ప్రయాణికులకు బీమా ఉందా అని అడగండి. ఈ ప్రశ్నలకు విసుక్కునేవారి దగ్గర ఎక్కవద్దు. 2013 ఫిబ్రవరిలో ఈజిప్టులోని లక్సర్‌లో దిగే సమయంలో బెలూన్‌కు నిప్పంటుకుని 19 మంది చనిపోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు, అడగడానికి మొహమాటపడకూడదని చెబుతున్నాను. "గాలి ఉన్నా ఎగరేస్తాం, మీరు రండి" అనే మాట వినబడితే అక్కడితో ఫోన్ పెట్టేయండి. గాలి బాగాలేదని రద్దు చేసేవాడే మంచి పైలట్.

రద్దయితే డబ్బు పూర్తిగా ఇస్తారా, వేరే తేదీ మాత్రమే ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. బరువు కూడా అడుగుతారు. అందరి బరువులు కలిపి చూసుకుని బుట్టలో ఎవరెక్కడ నిలబడాలో పైలట్ నిర్ణయిస్తాడు కాబట్టి తగ్గించి చెప్పకూడదు.

కానుకను చేతికి ఎలా ఇవ్వాలి

చివరి నిమిషం దాకా దాచి ఉంచే సరదా ఇక్కడ పనికిరాదు. బరువు చెప్పాలి, డాక్టరును అడగాలి, ఎక్కను అనే హక్కు ఆ మనిషికి ఉండాలి. మేము చేసిన రెండో తప్పు, అమ్మకు చెప్పకుండా తీసుకెళ్దామనుకోవడం. తెలిశాక ఆమె ఆరు నెలలు దాని గురించి పక్కింటివారికి చెప్పుకుంది. దాచి ఉంటే ఆ ఆరు నెలలూ ఆమెకు లేకుండా పోయేవి.

పుట్టినరోజున చేతిలో పెట్టడానికి ఒక వస్తువు మాత్రం ఉండాలి. ఫోన్‌లో టికెట్ చూపిస్తే చాలదు. తెల్లవారుజాము చలికీ, నెత్తి మీద బర్నర్ సెగకూ టోపీ తప్పనిసరి కాబట్టి మేము ఉన్ని టోపీ కొన్నాం. జూన్ ఎండలో, కేకు కోసిన బల్ల మీద పొట్లం విప్పి అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇప్పుడిదెందుకు?" అంది. డిసెంబరు దాకా బీరువాలో పెట్టుకోమని పిల్లవాడు చెప్పాడు.